ఒక్క పక్కే కొలిచిన హైవే

హైవే ఖర్చుకు తగ్గ ఫలితం కొలిచే అధికారి గారి సముఖమునకు, మెదక్ శివారున పంచర్ దుకాణం నడుపుకొనే రఘుపతి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: హైవే రెండో పక్కను కూడా కొలిపించుట గురించి.

1. రోడ్డు నునుపు చూసే తమ కొలత బండి క్రిందటి నెల మెదక్ నుంచి బయటికి పోయే పక్కన మెత్తగా సాగిపోయినది. తిరిగి ఇటు రాలేదు. బండిలోని సార్లు అటునుంచటే హైదరాబాదు పోయినారు. పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం దక్కినదని రిపోర్టు వచ్చినది. ఊరిలోకి వచ్చే పక్కన ఆ రూపాయి ఎక్కడ పడ్డదో వెతుకుదామంటే గుంతల నిండా నీళ్లున్నవి.

2. సదరు గుంతలలో నేను వరి నాటు వేసిన మాట వాస్తవము. పేపర్లో ఫొటో పడితే తమరు కదులుతారనుకున్నాను. తమ గుమాస్తా వెంకట్రాములు సారు ఆ ఫొటో చూసి, "పంట ఏసినవ్ గద రఘుపతీ, ఇగ రోడ్డెక్కడిది? వ్యవసాయ ఆఫీసోళ్ల తానకు పో" అన్నారు. "కోతకొచ్చినంక మొదటి బస్తా మీకే సారూ" అన్నాను. ఇద్దరమూ నవ్వినాము. నా అర్జీ కాగితం మాత్రం ఆయన తీసుకోలేదు.

3. గుంతల వలన నా దుకాణానికి గిరాకీ మస్తుగా ఉన్నది. అయినా అర్జీ పెట్టుటకు కారణం నా కోడలు మమత. ఆమెకు నెలలు నిండినవి. దవాఖాన ఊరిలో ఉన్నది, అనగా కొలవని పక్కనుంచే పోవలెను. పోయినేడు ఆమె తొలి కాన్పుకు పోతుంటే ఇక్కడే ఆటో గుంతలో దిగబడి, దవాఖాన చేరేసరికి ఆలస్యమై, బిడ్డ దక్కలేదు. రోడ్డు వలన ప్రయాణంలో మిగిలిన నిమిషాలకు తమరు రిపోర్టులో రూపాయల విలువ కట్టినారట. ఆ బిడ్డను ఏ గడిలో రాసినారో తెలుపగలరు.

4. కావున మేమందరం దవాఖానకు రాంగ్ సైడున, తమరు మెచ్చిన పక్కనే, ఎదురు పోతున్నాము. ఆటో క్రిస్టోఫర్‌ను మమత కోసం అడిగితే, "గుంతల పక్కకైతే రాను కాకా. గా గుంతల పడి సచ్చుడు కన్నా లారీ కింద సచ్చుడు నయం, జల్దీ అయితది" అంటున్నాడు.

రిపోర్టు మారదని తెలుసును. రోడ్డు పడుతుందన్న ఆశ లేదు. కొలత బండిని ఒక్కసారి ఇటు పంపగలరు. లేదా మమత రాంగ్ సైడున పోవుటకు పర్మిషన్ చీటీ ఇప్పించగలరు. లారీవాళ్లు దానిని చదువుతారో లేదో దైవాధీనము.

తీరిక దొరికిననాడైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రఘుపతి

తా.క.: సంతకం పెడుతుంటెనే మమతకు నొప్పులు మొదలైనయి. క్రిస్టోఫర్ ఆటో తెచ్చిండు. రాంగ్ సైడే పోతున్నం. ఎదురుంగ తమ జీపొస్తే హారన్ కొట్టకుండ్రి సారూ, జర పక్కకు తియ్యుండ్రి.