నీ నీలం చీర

అమ్మా,

నీకు మనవరాలు పుట్టింది. ఆపరేషన్ లేకుండానే కన్నాను. "కాన్పంటే ఏవుందే, గట్టిగా తుమ్మినట్టే" అనేదానివి, ఎంత అబద్ధం! తెల్లారినప్పటినుంచి మధ్యాహ్నం దాకా నొప్పి వచ్చిన ప్రతిసారీ నిన్నే తిట్టుకున్నాను. దాని ఏడుపు వినగానే మాత్రం నవ్వొచ్చేసింది.

"మెత్తటి పాతగుడ్డ ఏదండీ?" అని నర్సుగారు అడిగారు.

"ఆయ్, తెచ్చేనండీ" అంటూ పిన్ని సంచిలోంచి నీ నీలం చీర ముక్కలు తీసింది. బండారులంకలో నువ్వే నేసి, చిరిగేదాకా కట్టుకున్న చీర. నువ్వు పోయాక, నీ వాసన పోతుందని ఉతక్కుండా బీరువాలో దాచుకున్నాను. పిన్ని నాకు చెప్పకుండా తీసి, ముక్కలుగా చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి తెచ్చింది!

"ఉతికేసేవా పిన్నీ?" అని ఆ నీరసంలోనూ కసిరాను.

"పురిటిబిడ్డకి కొత్తబట్ట వేస్తారేంటే? పొత్తిళ్లకనే కదా మీ అమ్మ దాన్ని దాచమంది?" అంటూ పిల్లని అందులో చుట్టి నా గుండెల మీద పెట్టింది. ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఇవాళ పదకొండో రోజు, పురుడు. స్నానానికి పిల్లని పిన్నికి అందించి, ఆ చీరముక్క వాసన చూశాను. నీ వాసన లేదు. నిండా పాలవాసన.

"ఇలా తే, ఉతికేస్తాను" అని పిన్ని చెయ్యి చాపింది.

నేనివ్వలేదమ్మా.