చెంచమ్మ పేరు కొట్టేసినందుకు

రేపల్లె,
మంగళవారం

జగన్నాథరావు గారికి,

యానాది ఆడవాళ్ళ నాయకత్వ శిక్షణకు పాఠాలు రాయమని నన్ను అడిగింది మీరే. భయపడకుండా ప్రశ్న అడగాలన్నది నా మొదటి పాఠం. నిన్న అతిథిగా వచ్చిన అధికారిని, శిక్షణకొచ్చిన చెంచమ్మ లేచి అడిగింది. "మా పేటకి మంచినీళ్ళ కుళాయి ఎప్పుడేయిస్తారండి?" ఆయన మాట దాటేశారు. మీరేమో ఆమెకు క్రమశిక్షణ లేదంటూ జాబితాలో పేరు కొట్టేశారు. సిగ్గుగా లేదండీ మీకు?

ఈ ఉదయం చెంచమ్మ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మిగతా పద్దెనిమిది మందీ ఆమె వెంటే నడిచారు. ఇప్పుడు అందరూ ఆ అధికారి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు.

తర్వాత బాపట్లలో మీరు పెట్టబోయే శిక్షణలో నా పాఠాలు వాడకండి. మీరు సంతకాలు పెట్టిన సర్టిఫికెట్లు ఈ ఖాళీ హాల్లో బల్ల మీదున్నాయి, వచ్చి తీసుకెళ్ళండి. నేను వాళ్ళ పక్కన కూర్చోవడానికి పోతున్నాను.

ఇక మీ దగ్గర పనిచేయని,
పాఠాలు రాసిన మనిషి