కాకికి పెట్టిన ముద్ద

రాజమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. నువ్వు నాటిన నిమ్మచెట్టు పక్కన, పెరటి గోడమీద పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూశాం. కాకి రాలేదు. చెట్టు దిగివచ్చిన ఉడుత ఆ ముద్ద తినడం మొదలుపెట్టింది. పురోహితుడు కంగారుపడి తోలబోయాడు.

పెరట్లో ఉడుతలకు నూకలు చల్లుతున్నావని రోజూ నీమీద సణిగిన మా అమ్మే అడ్డం వచ్చింది.

"తోలబాకండి సామీ. కాకికి మా కోడలు ఏం తెలుసు? ఇది రోజూ ఆమె చేతి కూడు తినింది," అన్నది.

సాయంత్రం అమ్మ చేటలో నూకలు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "మీ ఆవిడ ఎక్కడ చల్లేదిరా?" అని అడిగింది.

నేనెన్నడూ గమనించలేదని అప్పుడు తెలిసింది. ఈలోగా ఉడుత చెట్టు దిగి, బావి పక్కన బండమీద కూర్చుని మావైపు చూసింది.