ఖాళీ మేకు, 417వ నంబరు

గనుల మ్యూజియం క్యూరేటరు రఘునందన్ గారి సముఖమునకు,
మైనింగు లైను ఇళ్లలో ఉండు మాజీ పంపు ఆపరేటరు నరసింహప్ప రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శనివారపు రాష్ట్ర చరిత్ర ఉపన్యాసాలలో నా టోకెన్ గురించి చెప్పు మాటలను సవరించుట (రెండవ అర్జీ).

కన్నడంలో మాట్లాడగలను గానీ రాయలేను. తమరిది చింతామణి అని, ఆ వైపు వారికి తెలుగు వచ్చునని విని తెలుగులో రాస్తున్నాను.

1. ఉపన్యాసాలకు నా అభ్యంతరం లేదు. గంగరాజులను గూర్చి, చోళుల శాసనాలను గూర్చి చెప్పిన నాలుగు శనివారాలూ ముందు వరుసలో కూర్చున్నాను. ఏమీ అర్థం కాలేదు, అయినా కదలలేదు. ఫ్యాను బాగా తిరుగుతుంది.

2. ఐదవ వారం గనుల చరిత్ర మొదలైంది. ఉపన్యాసకులు శ్రీనివాసమూర్తి గారు, రిటైరైన కాలేజీ మేష్టరు, టోకెన్ల పలకను కర్రతో చూపినారు. గనిలోకి దిగేవాడు తన నంబరు ఇత్తడి బిళ్లను మేకు నుంచి తీసుకుని దిగాలి, పైకి వచ్చి తిరిగి తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్టు లెక్క. ఇంతవరకు సరిగానే చెప్పినారు. తరువాత, 1989 మే నెలలో ఏర్ బ్లాస్ట్ జరిగి, అంటే రాయి పేలి, లోపల ఒక గ్యాలరీ, అంటే సొరంగం, కూలినా ఒక్క ప్రాణం పోలేదని, ఈ ఖాళీ మేకు మాత్రం ఒక అజాగ్రత్త మనిషి చలవ అని చెప్పి, నన్ను లేచి నిలబడమన్నారు. స్కూలు పిల్లలు నవ్వినారు. ఏడు శనివారాలుగా లేచి నిలబడుతున్నాను. మోకాళ్ల నొప్పి సంగతి ప్రత్యేకంగా మనవి చేయను.

3. సదరు నవ్వేవారిలో మునిలక్ష్మి కూడా ఉన్నది. తమ హాలు ఊడ్చి, వచ్చినవారికి నీళ్లిచ్చే ఆమె. ఆమె భర్త కదిరప్ప నా జతగాడు, 418వ నంబరు. అతని టోకెన్ నా ఖాళీ మేకు పక్కనే భద్రంగా వేలాడుతున్నది. ఆ మే నెలలోనే అతడు డ్యూటీకి రాక ఊరు వదిలి పోయినాడని రికార్డులో రాసినారు. ఎవతెతోనో పోయినాడని లైను ఇళ్లవాళ్లు చెప్పుకున్నారు. ముప్పై ఐదేళ్లుగా ఆమె అతణ్ణి తిట్టని రోజు లేదు. మొన్న ఉపన్యాసం అయినాక నాకు నీళ్లిస్తూ ఇట్లా అన్నది:

"నా మొగుడు సంసారం పారేసుకున్నాడు, నువ్వు బిళ్ల పారేసుకున్నావు. ఇద్దరిలో నువ్వే మేలప్పా."

ఆ నీళ్లు తాగినాను. దాహంగా ఉండింది.

4. నా మొదటి అర్జీలో "అజాగ్రత్త" అను మాట తీసివేయమని మాత్రమే కోరితిని. దానికి తమ కార్యాలయం, "సదరు టోకెన్‌ను అసలుగా సమర్పించినచో పరిశీలించబడును" అని జవాబిచ్చినది. సమర్పించలేను. టోకెన్ నేను పారేసుకోలేదు. అది కదిరప్ప చొక్కా జేబులో ఉన్నది.

ఆ రోజు శ్రీనివాసపురంలో మా తోట మామిడికి లారీ వచ్చింది. నాగా పడకుండా నా బదులు దిగమని కదిరప్పను అడిగి, నా టోకెన్ చేతిలో పెట్టినాను. అతనికి ఆ రోజు సెలవు. టైమ్ ఆఫీసులో మొహం చూడరు, నంబరు చూస్తారు. గని లోపల పంపు దగ్గర ఉండేది ఒక్కడే మనిషి. పేలుడు సంగతి తెలిసి మధ్యాహ్నానికి పరుగెత్తుకు వచ్చినాను. క్లర్కు నన్ను చూసి, "417 పైకి వచ్చేసినావా?" అన్నాడు. టోకెన్ ఇంకొకరికి ఇచ్చినవాడికి ఉద్యోగం పోతుంది. వచ్చేసినాను సార్, టోకెన్ యాడనో పడిపోయిందన్నాను.

లెక్క సరిపోయింది. దిగడానికి సిద్ధమైన రెస్క్యూ మనుషులు హెల్మెట్లు తీసేసినారు. లోపల ఎవరూ లేరని ఆ గ్యాలరీకి అడ్డుగోడ కట్టించినారు. మేస్త్రీకి రాళ్లు అందించినవారిలో నేనూ ఒకణ్ణి. గోడ అవతల చప్పుడు వినపడిందా అని తమరు అడగవచ్చు. చెవులకు గుడ్డ కట్టుకున్నాను, దుమ్మని చెప్పినాను.

5. కావున ప్రార్థించునది: ఉపన్యాసంలో "ఒక్క ప్రాణం పోలేదు" అను మాట కొట్టివేసి కదిరప్ప పేరు చెప్పించవలెను. అతడు పారిపోలేదని కూడా చెప్పించవలెను. అజాగ్రత్త అను మాట ఇక తీయనక్కరలేదు, అది చాలా చిన్న మాట.

తమరు చిత్తగించిన తరువాత చేయవలసినది చేయగలరు.

తమ విధేయుడు,
నరసింహప్ప
(ఖాళీ మేకు, 417)

తా.క. దీన్ని మునిలక్ష్మి చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆమెకు చదువు రాదు. కవరు అందుకుని, "ఇంగా ఆ బిళ్ల మాటేనా?" అని నవ్వింది. అవునన్నాను. ఇప్పుడు తమ బల్ల ముందర నిలబడి ఉంటుంది. రఘునందనప్పా, ఆమెకు ఒక కుర్చీ వేయించి, నువ్వే చదివి వినిపించు. నా వల్ల కాదు. నేను గేటు దగ్గర కూడా లేను. ఆ రోజు మాదిరే, శ్రీనివాసపురం బస్సులో ఉన్నాను.