ఒళ్ళో కూర్చోబెట్టిన పిల్ల

ఏప్రిల్ 28, సోమవారం

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. రాసి ఎవరికి చూపించాలి? కానీ కాగితానికైనా చెప్పుకుందామని కూర్చున్నాను.

నిన్న ఆరాధనలో మా పాస్టరు సుశీల్ కుమార్ గారు ప్రకటన చేశారు. మదర్స్ డే దాకా తల్లులకు ఉపవాస కూడికలు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. అంశం ‘పిల్లలతో విలువైన సమయం’. పిల్లల్ని మాత్రం తీసుకురాకూడదు. అల్లరి చేస్తారంట, మైకులో పడుతుందంట.

బడికి సెలవులు. పిల్లలంతా ఇళ్ళలోనే. వాళ్ళతో ఎట్లా గడపాలో నేర్చుకోవడానికి తల్లులంతా షామియానా కిందికి! మా ఊరు జువ్వలదిన్నెలో ఇది ఒక్కరికీ వింతగా తోచలేదు. మా కోడలు పుష్పకుమారి అందరికంటే ముందు చెయ్యెత్తింది.

ఏప్రిల్ 30

ఇక్కడ చేపల వేట నిషేధం కాబట్టి మా అబ్బాయి మంగుళూరు బోట్లలో ఉన్నాడు. ఇంట్లో నేను, కోడలు, మనవరాలు వినీల. దానికి ఎనిమిదేళ్ళు.

కోడలు పొద్దున్నే మాకు వండిపెట్టి పోతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. తాను తినదు. సాయంత్రం వచ్చి సోలిపోయి పడుకుంటుంది. పిల్ల పక్కన చేరి ఏదో చెప్పబోతే, ‘ఉండమ్మా, నీ కోసమే గదా ప్రార్థన చేసొచ్చినా’ అంటుంది. పిల్ల లేచి నా మంచం దగ్గరికి వస్తుంది.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. బోటు ఇంజన్లు బాగుచేస్తూ, వాటి మీద అంటించిన కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. నాకు ‘ఆయిల్’ ముందొచ్చింది, ‘అమ్మ’ తర్వాత. అయినా ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు తెలుస్తోంది.

మే 3

పక్కింటి జమాల్‌బీ నన్ను వీధిలో నిలబెట్టి కడిగేసింది. ‘ఏం జకరయ్యన్నా, పిల్ల నెత్తిన పేలు తిరనాళ్ళ చేస్తా ఉండాయి, మీ ఇంట్లో కళ్ళుండేవాళ్ళు ఎవురూ లేరా?’ అని. తానే కూర్చోబెట్టి దువ్వింది. తెల్లగుడ్డ మీద రాలినవి చూశాను. నువ్వుగింజంత ఒక్కొక్కటి, నడుస్తున్నాయి. చెవి వెనక గోకి గోకి పుండు పడింది, రసి కారుతోంది. పిల్ల ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి?

బోట్లలో మాకూ పడేవి. ఒకడి పేలు అందరి పేలు. ఒకసారి డీజిల్ రాసుకున్నాం. పేలు చచ్చాయి, కానీ గట్టెక్కేదాకా ఒక్కడు కూడా బీడీ ముట్టించలేదు. అప్పుడు నవ్వుకున్నాం. ఈ పుండు చూస్తే నవ్వు రావడం లేదు.

మే 5

కోడలికి చెప్పాను. ఆమెకు టైం లేదు. మదర్స్ డే నాడు ‘మాదిరి తల్లి’గా స్టేజీ మీద సాక్ష్యం చెప్పేది తానేనంట, వినీలను ఒళ్ళో కూర్చోబెట్టుకొని. యూట్యూబ్ లైవ్ కూడా. ‘రోజూ పేలు చూస్తా కూర్చోడం నా వల్ల కాదు మామా, బోగోలు తీసకపోయి గుండు కొట్టించకరాండి’ అంది, చెప్పులేసుకుంటూనే.

తీసుకుపోయాను. సెలూన్ పెంచలకృష్ణ, ‘పెంచలకోన మొక్కా పెద్దాయనా, తిరపతి మొక్కా?’ అన్నాడు. పేల మొక్కు అన్నాను. నవ్వి, అలవాటు కొద్దీ గుండుకు నిండా గంధం పూసి పంపాడు. పుండుకు చల్లగా ఉందని వినీల తుడవనియ్యలేదు.

మే 6

సంఘమంతా ఒకటే మాట. జకరయ్య మనవరాలు కొండకు పోయొచ్చింది!

మాలో తరాలుగా తలనీలాలు ఇచ్చినవాళ్ళు లేరు. ఆడపిల్లకు గుండు, దాని మీద గంధం, ఇంకేమనుకుంటారు? కోడలికి అప్పుడు ఇది తోచనే లేదు. నాకూ తోచలేదనుకోండి. ఇద్దరు ఆడవాళ్ళొచ్చి మా గడపకు నూనె రాసి ప్రార్థన చేశారు. ‘పేలమ్మా, పేలు’ అని మొత్తుకున్నాను. ‘అట్నే అంటార్లే అన్నా’ అని ఒకామె.

మే 8

పాస్టరుగారు కారేసుకొచ్చారు. గుండుతో పిల్ల స్టేజీ ఎక్కితే లైవ్‌లో సంఘం పరువు పోతుందంట. అట్లాగని ఒళ్ళో పిల్ల లేకపోతే సాక్ష్యం బోసిగా ఉంటుందంట. అందుకని తన తమ్ముడి కూతురు వెన్నెలను కూర్చోబెడతారంట. రెండు జడలున్నాయంట. ఆ ఒక్క పూటకు పేరు కూడా వినీల అనే చెప్తారంట.

‘దేవుడు హృదయం చూస్తాడంటారు గదయ్యగారూ, మరి జడలు చూసేదెవురు?’ అన్నాను.

‘కెమెరా, పెద్దాయనా’ అని నవ్వారు.

కోడలు తల వంచుకొని సరేనంది. వినీల తలుపు పక్కనే ఉంది. నేను నోట్లో టీ బయటికి పోయి ఉమ్మేసి వచ్చాను.

మే 9

జుట్టు ఆదివారానికి ఎంత పెరుగుతుంది తాతా అని అడిగింది.

మే 11, ఆదివారం

గుండుందని వినీలను షామియానా లోపలికి రానియ్యలేదు. చెప్పులు విడిచేచోట కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

స్టేజీ మీద కోడలు, ఒళ్ళో పట్టుపావడాతో వెన్నెల. ‘నా బిడ్డతో గడిపే ప్రతి నిమిషమూ ప్రభువిచ్చిన వరం’ అని మైకులో చెప్తోంది. వినీల నా మోచెయ్యి లాగింది. ‘తాతా, అమ్మ నా గురించే గదా చెప్తా ఉండేది?’ అంది.

నేను అవునన్నాను. ఛీ.

తర్వాత ప్రార్థన. పాస్టరుగారు మొదలుపెడితే, అది అయ్యేలోగా ఒక ఇంజను విప్పి బిగించొచ్చు. అందరూ కళ్ళు మూశారు. నేను మూయను, ఇంజను పనివాడికి ఆ అలవాటు ఉండదు. మధ్యలో ఆయన, ‘వినీలా, లేచి నిలబడమ్మా, నిన్ను దీవిస్తాను’ అన్నారు. వెన్నెల కదల్లేదు, అది దాని పేరు కాదాయె. నా పక్కనున్న పిల్ల లేచి నిలబడింది. చెప్పుల మధ్యలో, చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకొని.

కోడలు కళ్ళు తెరిచింది. దీన్ని చూసింది. ఒళ్ళో పిల్లను కుర్చీలో దించి, మెట్లు దిగి వచ్చేసింది.

ఆమేన్ అనేసరికి స్టేజీ మీద వెన్నెల ఒక్కతే ఉంది.

ముగ్గురం ఇంటికి నడిచాం. కోడలు చెయ్యి చాపింది. వినీల నా చెయ్యే పట్టుకుంది.

మే 13

పాస్టరుగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కోడలు తియ్యలేదు. మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు గుమ్మంలో కూర్చొని రొయ్యలు వలిచారు. వినీల వలిచినవాటికి తోకలు అట్లాగే ఉన్నాయి. కోడలు అట్లాగే వండింది.