ఉప్పు సూసి చెప్పు

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. రాత్రి కొట్టిన వానకు పట్టాలు కొట్టుకపోయి, డోర్నకల్ స్టేషన్ల రైలు ఆగిపోయింది. నీ సంవత్సరీకానికి వండిన పప్పన్నం గిన్నె ఎత్తుకోని గాడికే పోయిన. రైలు దిగి కూసున్నోళ్లు అందరు తిన్నరు గని, ఒక పెద్దమ్మ మాత్రం "ఆకలైతలేదు బిడ్డా" అని మొఖం తిప్పుకున్నది. ఒకలు పెడితే తినుడు ఆమెకు నామోషి.

గసొంటోళ్లకు నువ్వెట్ల పెడ్తుంటివో యాదికొచ్చింది. "పెద్దమ్మా, జర ఉప్పు సూసి చెప్పు, నాకు తెలుస్తలేదు" అని ఇస్తారాకు చేతుల పెట్టిన.

మెల్లగ మొత్తం తిన్నది. చెయ్యి కడుక్కుంట, "అంత మంచిగనే ఉన్నది గని, ఉప్పే తక్కువైంది బిడ్డా" అన్నది.

నీ బీపీకని తక్కువేసిన చెయ్యి గదా అవ్వా, ఇంకా గంతే ఏస్తున్నది.