మోకాలి పట్టీలు

అమ్మడూ లారిస్సా,

ఈ పార్సిల్లో నీ ఐస్ హాకీ గోల్‌కీపర్ ప్యాడ్లకి కొత్త మోకాలి పట్టీలున్నాయి. నేను కుట్టిన పాతవి విప్పి పారేసెయ్.

శనివారం విన్నిపెగ్‌లో ఆట ఓడిపోయాక "ఐసు మెత్తబడింది మామయ్యా, అందుకే అయిదు గోల్స్ వదిలేశా" అన్నావు. నేను నమ్మాను. నిన్న మీ అమ్మ ఫోన్లో నన్ను కడిగేసింది. "అన్నయ్యా, ఐసూ లేదు, గీసూ లేదు! పిల్ల మోకాళ్ళ మీద పడగానే ప్యాడ్ కాలి చుట్టూ తిరిగి వచ్చే పక్ బిళ్ళకి అడ్డం పడాలట. నువ్వేమో గుర్రానికి జీను కట్టినట్టు బిగించావు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

నలభై ఏళ్ళుగా జీన్లు కుడుతున్నవాణ్ణి. పట్టీ వదులైతే రౌతు కింద పడతాడు. నీవి వేలాడుతుంటే పాడయ్యాయనుకుని, నిన్నడక్కుండానే బిగించేశాను.

ఇవి ఎలాస్టిక్‌వి. మన ఊరి ఐసు రింకులో పాత ప్యాడ్లు అడిగి తెచ్చి, వీటిని తగిలించుకుని, వంటగదిలో మోకాళ్ళ మీద పడి చూశాను. ప్యాడ్ చక్కగా తిరిగింది. నన్ను లేపడానికి మాత్రం మీ అత్తయ్య రావలసివచ్చింది.

నా తోలు కత్తెర కూడా పెట్టాను. ఎక్కడైనా బిగుతనిపిస్తే ఆట మధ్యలోనైనా కోసెయ్. మామయ్య కుట్టాడని మొహమాటపడకు.

మీ మామయ్య